చంటిబిడ్డల శ్రీనివాసులు

బెంగుళూరు హూడిలోని అపార్ట్‌మెంట్లలో చంటిబిడ్డ ఉన్న ఏ ఇంట్లో చూసినా పిల్లల డాక్టరు నంబరు తర్వాత శ్రీనివాసులు నంబరే ఉంటుంది. కొందరు 'బేబీ క్యాబ్ అంకుల్' అని రాసుకున్నారు. కొందరు 'ఎయిర్‌పోర్ట్ తాత' అని రాసుకున్నారు. మూడేళ్ళ కిందట అయితే ఇదే శ్రీనివాసులు, బిడ్డను ఎత్తుకున్న మనిషి దూరంగా కనిపిస్తే చాలు, కారును రివర్స్ గేరులో వేసేవాడు.

ఆయనకు ఇప్పుడు యాభై నాలుగేళ్ళు. తాత కుప్పం వైపు నుంచి వచ్చి హూడిలో చిల్లర అంగడి పెట్టుకున్నాడు. అప్పట్లో చుట్టూ రాగి చేలు. ఆ అంగడి శ్రీనివాసులుకు అచ్చిరాలేదు. ఒక్కచోట కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. పన్నెండేళ్ళు లారీ నడిపాడు, హొసకోటె ఫ్యాక్టరీల నుంచి పూణే, షోలాపూరు దాకా సరుకు తోలాడు. నడుము నొప్పి మొదలయ్యాక లారీ దిగి కారు కొనుక్కున్నాడు. అప్పటి నుంచీ టాక్సీయే.

కారంటే ఆయనకు ప్రాణం. సీట్లకు తెల్ల కవర్లు. ప్రతి ఆదివారం వాటిని విప్పి, తానే ఉతికి, ఆరేసి, మళ్ళీ తొడిగేవాడు. డాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు సీసా ఎప్పుడూ గుబాళిస్తూ ఉండేది. ఒకసారి ఎవరి బిడ్డో సీసాడు పాలు వెనక సీటు సందులోకి ఒలకబోసింది. ఆయన తుడిచాడు, కడిగాడు, తలుపులన్నీ తెరిచి ఎండలో పెట్టాడు, ఊదుబత్తులు వెలిగించాడు. అయినా పది రోజుల దాకా ఎక్కినవాళ్ళందరూ ముక్కు చిట్లించి కిటికీ దించేవాళ్ళే. ఆ పదకొండో రోజున ఒట్టు పెట్టుకున్నాడు, అయిదేళ్ళలోపు పిల్లల్ని తన కారెక్కించుకోనని.

ఒట్టును నిలబెట్టుకోవడానికి ఒక ఉపాయం కూడా కనిపెట్టాడు. బుకింగ్ రాగానే ఫోన్ చేసేవాడు. "ఎంతమంది సార్? లగేజీ ఎంత ఉండాది?" అని మొదలుపెట్టి, మాటల మధ్యలో "చిన్నపిల్లలు గాని ఉండారా?" అని అడిగేవాడు. ఉన్నారంటే మాత్రం అప్పటికప్పుడు టైరు పంచరయ్యేది.

ఆయన భార్య నాగమ్మది పుంగనూరు. ఇంట్లో కూర్చుని ఆ ఫోన్లన్నీ వింటూ ఉండేది. "నీ కారుకు పడినన్ని పంచర్లు ఈ బెంగుళూరులో దేనికీ పడవప్పా" అనేది. ఆయన విననట్టు మొహం తిప్పుకునేవాడు.

ఒక శనివారం పొద్దున ఎనిమిది గంటలకు ఎయిర్‌పోర్టుకు బుకింగ్ వచ్చింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సరే పోయి చూద్దామని అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి వెళ్ళాడు. ఆయన కారు ఆపీ ఆపకముందే వాచ్‌మన్ బసవరాజు డిక్కీ తెరిచి రెండు సూట్‌కేసులు, ఒక పసిపిల్లల మడత బండి లోపల సర్దేశాడు. అతని వెనకాలే ఒకామె వచ్చింది. పేరు లావణ్య. ఛాతీకి కట్టుకున్న సంచీలో ఏడు నెలల పాప, చెయ్యి పట్టుకుని మూడేళ్ళ కొడుకు చందు, వాడి చేతిలో సగం కొరికిన చాక్లెట్ బిస్కెట్.

శ్రీనివాసులు ఆ బిస్కెట్ వంకా, తన తెల్ల సీటు వంకా చూశాడు. "మేడమ్, టైరు..." అని మొదలుపెట్టాడు.

బసవరాజు పాపం సాయం చేద్దామని వంగి, కారు చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశాడు. "ఏమీ కాలేదన్నా, నాలుగూ గట్టిగా ఉండాయి" అన్నాడు.

ఇంక చేసేదేమీ లేక శ్రీనివాసులు కారు స్టార్ట్ చేశాడు.

ఓల్డ్ మద్రాస్ రోడ్డెక్కి, బూదిగెరె క్రాస్ దగ్గర ఎడమకు తిరిగి దేవనహళ్ళి దోవ పట్టేసరికి పాప ఏడుపు అందుకుంది. కాసేపు ఓర్చుకుని, "ఆకలేస్తాందేమో మేడమ్, బిడ్డకి" అన్నాడు ఆయన.

"ఆకలే అంకుల్. కానీ ఇప్పుడే ఇవ్వను" అంది లావణ్య. "ఫ్లైట్ టేకాఫ్ అయ్యేటప్పుడు బేబీస్‌కి చెవులు నొప్పి పుడతాయి. ఆ టైమ్‌లో పాలు తాగుతూ ఉంటే నొప్పి తెలీదు. పోయినసారి ఎయిర్‌పోర్టులోనే తాగేసి పడుకుంది. పైకెళ్ళాక లేచి ఏడ్చింది చూడండీ, ప్లేన్ మొత్తం నా వైపే చూసింది. అందుకే ఇప్పుడు కొంచెం కొంచెంగా పట్టి, మిగతాది టేకాఫ్‌కి ఉంచుతున్నా."

శ్రీనివాసులుకు ఈ సంగతి కొత్త. ఇంతమందిని విమానాల దగ్గర దింపాడు గానీ, చంటిబిడ్డ చెవుల గురించి ఎవరూ చెప్పలేదు. పైగా వెనకాల పిల్లవాడు, తల్లి ఫోన్లో బొమ్మలు చూసుకుంటూ, కిక్కురుమనకుండా కూర్చున్నాడు. వీడు బుద్ధిమంతుడే అని ఆయన సంతోషపడ్డాడు. వాంతికి ముందు పిల్లలు అలాగే నోరు మెదపరని ఆయనకు అప్పటికి తెలియదు.

బూదిగెరె దాటిన రెండు నిమిషాలకు చందు, సీటు మీదా, తన చొక్కా మీదా, తల్లి భుజం మీదా కక్కేశాడు. భయపడి వాడు ఏడ్చాడు. వాణ్ణి చూసి పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. శ్రీనివాసులు పక్కకు తీసి ఆపాడు. ఎదురుగా టార్పాలిన్ నీడలో ఒక ముసలామె ద్రాక్షపళ్ళు అమ్ముతోంది.

ఆమె పేరు కెంపమ్మ. ఆమెనెవరూ పిలవలేదు. తనే నీళ్ళ క్యాను పట్టుకుని వచ్చి, చందును దింపి, మూతీ చేతులూ కడిగింది. పాపను తల్లి దగ్గరినుంచి తీసుకుని భుజాన వేసుకుంది. ఆ తర్వాత కారులోకి తల పెట్టి చూసి, వెంటనే బయటికి లాక్కుంది.

"ఏనప్పా డ్రైవర్రూ, ఇది కారా, హూవిన అంగడా, పూలంగడా? ఈ సెంటుకి నాకే తల తిరుగుతాంది. బిడ్డ కక్కకుండా ఏం జేస్తాది?"

శ్రీనివాసులు సెంటు సీసా వైపు చూశాడు. తనకెప్పుడూ అది మంచి వాసనే. దాన్ని పెరికి సంచిలో చుట్టి డిక్కీలో ఒక మూల పడేశాడు.

"ఆ ఫోను గూడ ఇయ్యొద్దమ్మా" అంది కెంపమ్మ లావణ్యతో. "తల వంచుకోని బొమ్మలు చూస్తే కడుపులో తిప్పుతాది. దోవ చూడనీ."

లావణ్య రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తోంది. భర్తకు పూణేలో ఉద్యోగం వచ్చి నెల రోజుల ముందే వెళ్ళిపోయాడట. ఇల్లు ఖాళీ చేయడం, సామాన్లు కట్టించడం, ఇద్దరు పిల్లల్ని చూసుకోవడం, అన్నీ ఆమె ఒక్కతే చేసింది. "సారీ అంకుల్, మీ సీటు..." అంది.

"సీటుకేమ్మా, ఉతికితే పోతాది" అన్నాడు శ్రీనివాసులు. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు.

మిగిలిన దారంతా ఆయన కారును గుడ్డు మోసినట్టు నడిపాడు. గతుకు వస్తే ముందే నెమ్మదించాడు. అద్దాలు కాస్త దించి, చందును రోడ్డు వైపు చూడమన్నాడు. "అదో లారీ పోతాంది. దానికెన్ని చక్రాలుండాయో లెక్కబెట్టు" అన్నాడు. చందు నాలుగు అన్నాడు. "నాలుగు కార్లకురా నాయనా. అది పది చక్రాల బండి. నేను అట్లాటిదే తోలేవాణ్ణి" అన్నాడు. ఆ తర్వాత కనిపించిన ప్రతి లారీకీ ఇద్దరూ చక్రాలు లెక్కపెట్టారు. ఎయిర్‌పోర్టు వచ్చేదాకా వాడికి వాంతి గుర్తే రాలేదు.

టర్మినల్ దగ్గర దింపేసి వెళ్ళిపోవలసినవాడు, కారు పార్కింగులో పెట్టి వచ్చి, ట్రాలీ మీద సూట్‌కేసులు, సూట్‌కేసుల మీద చందును కూర్చోబెట్టుకుని తలుపు దాకా తోసుకెళ్ళాడు. "లారీ తాతా, బై" అన్నాడు చందు. అద్దాల అవతల వాళ్ళు ముగ్గురూ కనబడకుండా పోయేదాకా శ్రీనివాసులు అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, పెరట్లో బకెట్ ముందు కూర్చుని సీటు కవరు ఉతుకుతున్నాడు. నాగమ్మ చాట తెచ్చుకుని పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది. కాసేపటికి ఆయన అడిగాడు:

"ఏమే, మన సురేశూ కావ్యా చిన్నపిల్లలప్పుడు నువ్వు పుంగనూరికి ఎట్లా పోతాంటివి?"

నాగమ్మ చేతులు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళలో ఈ మనిషి ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

"బస్సులో పోతాంటి. ఇంకెట్లా?"

"ఇద్దర్నీ యేసుకోనా?"

"ఒకణ్ణి ఇంట్లో ఇడిసిపెట్టి పోతారా?" అని నవ్వింది. "కె.ఆర్.పురం కాడ ఎక్కుతాంటి. కావ్య ఒళ్ళో, సురేశు పక్కన, సంచి కాళ్ళ సందున. నర్సాపురం వచ్చేసరికి వాడు కక్కేవాడు. ఒకసారి కండక్టరు టికెట్ల సంచిలోనే కక్కినాడు. ఆయప్ప మంచోడు, ఏమీ అనలేదు. నిమ్మకాయ వాసన చూపిస్తాంటి, బొరుగులు నాలుగు నోట్లో ఏస్తాంటి. బస్సులో ఆడోళ్ళు ఊరకుంటారా? కోలారు దాకా ఒకామె ఒళ్ళో, ముళబాగిలు దాకా ఇంకొకామె ఒళ్ళో. ఒక్కోసారి నా బిడ్డ ఎవురి దగ్గరుండాదో నాకే తెలిసేది కాదు."

ఆయన కాసేపు కవరు పిండుతూ కూర్చున్నాడు. "నేను ఒకసారైనా వచ్చినానా మీతో?"

"వచ్చినావు. కావ్య పుట్టెంటికలు తీసినప్పుడు. ముందర సీట్లో కూర్చోని డ్రైవరుతో ఇంజను గురించి మాట్లాడుకుంటా పోయినావు. మేం ముగ్గురం వెనక ఉండాము."

ఆమె కోపంగా అనలేదు. అయిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పి, మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. శ్రీనివాసులుకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎవరో పరాయి బిడ్డతో చక్రాలు లెక్కపెట్టాడు. తన కొడుక్కు చక్రాలు లెక్కపెట్టడం ఎవరు నేర్పారో ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. లావణ్య పూణేలో దిగీ దిగగానే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో శ్రీనివాసులు నంబరు పెట్టి, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈయన్నే పిలవండి అని రాసిందట. మొదటి ఫోన్ వచ్చినప్పుడు అలవాటు కొద్దీ ఆయన నోట్లోకి 'టైరు' అనే మాట వచ్చింది. నాగమ్మ తల ఎత్తి చూసింది. "వస్తానమ్మా. ఎన్ని గంటలకి?" అన్నాడు ఆయన.

ఇక కారును సిద్ధం చేసే బాధ్యత నాగమ్మ తీసుకుంది. తెల్ల కవర్లు తీసేయించి ముదురు ఎర్రవి వేయించింది. పాత పంచెలు చించి, ఉతికి, మడిచి డిక్కీలో పెట్టింది. నీళ్ళ క్యాను, నిమ్మకాయలు, ఒక డబ్బాలో బొరుగులు. "బిడ్డలు కక్కుతారు, ఒలకబోస్తారు, ఉచ్చ పోస్తారు. అది మనసులో పెట్టుకోని బండి తీయి" అని చెప్పింది.

ఊరు మారిపోతున్న ఒక కుటుంబం తమ పిల్లవాడి కారు సీటును ఆయనకిచ్చేసి వెళ్ళింది. దాని బెల్టులు ఎలా బిగించాలో ఫోన్లో వీడియో మూడుసార్లు చూశాడు. నమ్మకం కుదరక, పది కిలోల బియ్యం మూటను అందులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, వీధి చుట్టూ రెండు చుట్లు తిప్పాడు. గతుకుల మీద గబగబా పోయి, గట్టిగా బ్రేకు వేసి చూశాడు. మూట కదల్లేదు.

"ఏమప్పా, బియ్యానికి ఊరు చూపిస్తాండావా?" అని అడిగింది నాగమ్మ వాకిట్లో నిలబడి.

అలా రెండేళ్ళు గడిచాయి. ఏ బిడ్డ ఎక్కడ కక్కుతుందో, ఏ పెట్రోలు బంకులో ఆడవాళ్ళకు శుభ్రమైన గది ఉందో, పిల్లలకు ఎంతసేపటికొకసారి కారు ఆపాలో ఆయనకు కంఠతా వచ్చేసింది. విమానం సంగతులు కూడా ఎక్కినవాళ్ళను అడిగి తెలుసుకున్నాడు. మొదటిసారి పిల్లలతో వెళ్ళే తల్లులకు ఆయనే చెప్పేవాడు: "లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టండమ్మా. బిడ్డ బండిని విమానం తలుపు దాకా తోసుకోని పోవచ్చు, అక్కడ వాళ్ళు తీసుకుంటారు. ఇంకో జత బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి, బిడ్డకే కాదు, మీకు గూడ." వాళ్ళు "మీరు చాలాసార్లు వెళ్ళారా అంకుల్?" అని అడిగితే మాట మార్చేసేవాడు. ఆయన విమానం ఎక్కింది లేదు.

ఈ జనవరిలో రాధిక అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఆమెకు పది నెలల కవలలు, అన్వి, అభి. విశాఖపట్నంలో తమ్ముడి పెళ్ళి. భర్తకు పెళ్ళి రోజుకు గాని సెలవు దొరకదు. ముందుగా తనొక్కతే వెళ్దామనుకుంటే విమానం వాళ్ళు కుదరదన్నారు. ఒళ్ళో కూర్చునే బిడ్డకు ఒక పెద్దమనిషి చొప్పున ఉండాలట. ఇద్దరు బిడ్డలకు ఇద్దరు పెద్దవాళ్ళు. ఇంట్లో పనిచేసే అమ్మాయిని అడిగితే విమానమంటే భయమని రానంది. "మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంకుల్? టికెట్ నేనే తీస్తాను, రిటర్న్ కూడా" అంది.

శ్రీనివాసులు ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. నాగమ్మ అనపకాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"నేను పోతా."

"యాడికి?"

"వైజాగుకి. బిడ్డను ఎత్తుకోని కూర్చోడమే గదా. దాంట్లో ఏముండాది?"

"అది బస్సు గాదే!"

"తెలుసు. కక్కితే కిటికీ తెరవను."

రాధిక మరునాడే వచ్చి నాగమ్మను చూసింది. అన్వి నాగమ్మ చెవికమ్మ పట్టుకుని వదల్లేదు. అక్కడితో మాట కుదిరిపోయింది.

వెళ్ళే రోజు పొద్దున నాగమ్మ నూలుచీర కట్టుకుని, పైన స్వెట్టర్ వేసుకుని, ఆధార్ కార్డును చేతిసంచిలో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. దారి పొడవునా శ్రీనివాసులు చెబుతూనే ఉన్నాడు. లేచేటప్పుడు పాలు పట్టమన్నాడు, ముందు ఆమెను బెల్టు పెట్టుకోమన్నాడు, బిడ్డకు వాళ్ళే చిన్న బెల్టు ఇస్తారన్నాడు, చెవులు దిబ్బడ వేస్తే గుటక మింగమన్నాడు.

"నువ్వు ఎన్నిసార్లు ఎక్కినావు?" అని అడిగింది నాగమ్మ.

రాధిక కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. 

ట్రాలీ తోసుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. పోలీసు టికెట్టు చూసి, ఆధార్ చూసి, నాగమ్మ మొహం చూసి, లోపలికి పొమ్మన్నాడు. ఆమె అభిని చంకనేసుకుని, వెనక్కి ఒకసారి తిరిగి, "పప్పు వండి పెట్టినా. వేడి చేసుకోని తిను" అని చెప్పి వెళ్ళిపోయింది. వేలమందిని ఆ తలుపు దగ్గర దింపాడు గానీ, ఆ రోజు మాత్రం ఆయనకు ఇంటికి పోబుద్ధి కాలేదు. పార్కింగులోకి వచ్చి కూర్చుని, ఒక్కో విమానం లేస్తుంటే ఇదేనా, ఇదేనా అని చూశాడు. ఏది ఆమె విమానమో ఆయనకు తెలియదు. మూడు గంటల తర్వాత ఫోన్ మోగింది.

"దిగినాము" అంది నాగమ్మ. "ఇక్కడ ఉక్కగా ఉండాది. స్వెట్టర్ తీసేసినా."

"బిడ్డలు?"

"అన్వి తాగి పండుకుంది. అభిగాడు సీసా వద్దన్నాడు. తడిగుడ్డ కొస నోట్లో పెడితే చప్పరించినాడు. పక్క సీటాయన కళ్ళద్దాలు పీకేసినాడు. ఆయన కంప్యూటర్ మూసేసి వీనితో ఆడుకుంటా కూర్చున్నాడు, పాపం."

"నీకు భయం కాలేదా?"

"అయింది. పైకి లేచేటప్పుడు కడుపు జారిపోయింది. అభిగాడు నా మొహమే చూస్తాండాడు. నేను భయపడితే వాడు భయపడతాడు గదా. అందుకని నవ్వినా. నవ్వతా నవ్వతా ఉంటే తగ్గిపోయింది." మళ్ళీ తనే, "మేఘాలు కింద ఉండాయప్పా. నువ్వు చూసుంటే బాగుండు" అంది.

మరునాడు సాయంత్రం నాలుగింటికి ఆమె తిరిగి వచ్చింది. శ్రీనివాసులు గంట ముందే వెళ్ళి, బయటికి వచ్చే దారి దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పుంగనూరి బస్సు దిగే భార్యను ఏనాడూ ఎదురుగా వెళ్ళి తీసుకురాలేదని అక్కడ నిలబడ్డప్పుడు తోచింది. గుంపులో నాగమ్మ కనిపించింది. ఆమె చేతిలో తన సంచీ లేదు. ఎవరిదో నాలుగేళ్ళ పిల్ల ఆమె చిటికెనవేలు పట్టుకుని నడుస్తోంది. వెనకాల ఒక చిన్న వయసు తల్లి, నిద్రపోతున్న పసివాణ్ణి భుజాన వేసుకుని, ట్రాలీ తోసుకుంటూ వస్తోంది. నాగమ్మ సంచీ ఆ ట్రాలీ మీదే ఉంది.

"ఎవురే వీళ్ళు?" అన్నాడు శ్రీనివాసులు మెల్లగా.

"నా వెనక సీట్లో కూర్చున్నారు. వైట్‌ఫీల్డుకి పోవాలంట, బండి దొరకలేదంట. మన దోవేలే" అని, ఆ తల్లి వైపు తిరిగి, "రామ్మా, మా ఆయన బండి ఉండాది. బిడ్డలకి అలవాటైన బండి" అంది.

శ్రీనివాసులు ట్రాలీ అందుకున్నాడు. పిల్ల ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, "మీ కారు ఏ కలర్?" అని అడిగింది.

"తెల్లది పాపా."

"నాకు ఎర్రది కావాలి."

"సీటు ఎర్రదే ఉండాది. దా, చూపిస్తా" అని ఆయన ట్రాలీ తోసుకుంటూ పార్కింగు వైపు నడిచాడు.